అది తూకమా, కొలతా? రేడియేషన్ డోసును పట్టే కాంటాలు

మా దిక్కు రేడియేషన్ అనే మాట పెద్దగా వినపడదు. "కరెంటు పెట్టుడు" అంటారు. "మా నాయినకు ముప్పై కరెంట్లు రాసిండ్రు, పద్దెనిమిది అయినయి" అంటే ముప్పై రోజుల రేడియోథెరపీలో పద్దెనిమిది రోజులు గడిచాయని. హనుమకొండలో ఒక ఆసుపత్రి అడుగు అంతస్తులో, గజానికి మించి మందమున్న కాంక్రీటు గోడల మధ్య ఆ కరెంటు పెట్టే యంత్రం ఉంటుంది. పూర్తి పేరు లీనియర్ యాక్సిలరేటర్, మేము లీనాక్ అంటాం. అది ఎంత పెడుతుందో కొలిచి చూసుకోవడం నా ఉద్యోగం.

పోయిన పత్తి సీజన్‌లో పరకాల వైపు నుంచి ఒక అవ్వ వచ్చేది. నోటి క్యాన్సర్. మొత్తం 66 గ్రే, 33 రోజులు. పన్నెండో రోజో పదమూడో రోజో బల్ల మీద నుంచి దిగుతూ అడిగింది.

"సారూ, ఇయ్యాల ఎంత పెట్టిండ్రు?"

"రోజు లెక్కనే అవ్వా, రెండు."

"రెండేంది?"

"రెండు గ్రే."

"గది తూకమా, కొలతా? కాంటా ఎవ్వలు సూసిండ్రు?"

వాళ్ళ కొడుకు ఏనుమాముల మార్కెట్‌కు పత్తి తెస్తాడట. కాంటా మీద నమ్మకం, అపనమ్మకం రెండూ ఆ ఇంట్లో పుట్టి పెరిగినవే. నేనూ అలాంటి ఇంటి నుంచే వచ్చాను కాబట్టి ఆ ప్రశ్న నాకు సూటిగా తగిలింది. అప్పటికి "మేమే సూసినం అవ్వా" అని తప్పించుకున్నాను. అసలు జవాబు ఇంత పొడుగుంది.

ముందు తూకమా, కొలతా అన్న సంగతి. గ్రే అంటే రెండూ కలిసినదే. ఒక కిలో కండ ఒక జౌల్ శక్తిని ఇముడ్చుకుంటే అది ఒక గ్రే. బ్రిటిష్ శాస్త్రవేత్త లూయిస్ హెరాల్డ్ గ్రే పేరు మీద 1975లో ఈ ప్రమాణాన్ని ఖాయం చేశారు. ఒక జౌల్ అంటే ఎంత? వంద గ్రాముల జామకాయను మీటరు ఎత్తుకు లేపితే ఖర్చయ్యేంత. అంతే. డెబ్బై కిలోల మనిషికి ఒళ్ళంతా ఒక్కసారే 4 గ్రే పడితే, వైద్యం అందకపోతే, బతకడం చావడం సగం సగం. ఆ ప్రాణాంతకమైన 4 గ్రేలో ఉన్న మొత్తం శక్తి 280 జౌళ్ళు. వేడి చాయ్ చెంచాలో సగం కంటే కొంచెం ఎక్కువ గొంతులో పోసుకుంటే ఒంటికి చేరే వేడి కూడా దాదాపు అంతే. అయితే చాయ్ వేడి ఒళ్ళంతా పంచుకుంటుంది, రేడియేషన్ అలా పంచుకోదు. ఎక్కడ తగిలితే అక్కడ అణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొడుతుంది, కణంలోని డీఎన్ఏను తెంపుతుంది. రోజుకు రెండు గ్రే చొప్పున చిన్న భాగానికి పెడితే మంచి కణాలు తెల్లారేసరికి చాలావరకు అతుక్కుంటాయి, క్యాన్సర్ కణాలకు ఆ పనితనం తక్కువ. వైద్యం నిలబడింది ఆ తేడా మీదే.

కొలిచేవాడి కష్టం కూడా అక్కడే మొదలవుతుంది. ఒక గ్రే పడితే నీళ్ళు వేడెక్కేది 0.00024 డిగ్రీలు. అవ్వకు ఏమీ తెలియదు, మంట లేదు, నొప్పి లేదు, వెలుతురు లేదు. చేత్తో ముట్టుకుని చెప్పలేం, కంటితో చూసి చెప్పలేం. ప్రమాణాలను నిర్ణయించే పెద్ద ప్రయోగశాలల్లో ఈ ఇసుమంత వేడినే పట్టుకునే నీటి కెలోరీమీటర్లు ఉన్నాయి. ఆసుపత్రిలో ఆ పని కుదరదు. మేము వేడిని వదిలేసి, ఊడిన ఎలక్ట్రాన్లను లెక్కపెడతాం. జనం దీన్ని "కరెంటు" అంటే మొదట్లో నవ్వేవాణ్ణి. మేము కొలిచేది నిజంగా కరెంటే కదా అని తర్వాత తట్టింది.

లెక్కపెట్టే పరికరం పేరు అయాన్ ఛాంబర్. ఆసుపత్రుల్లో ఎక్కువగా కనిపించేది ఫార్మర్ ఛాంబర్, 1955లో ఫ్రాంక్ ఫార్మర్ రూపొందించిన నమూనా. పెన్సిల్ మందం ఉంటుంది. కొసలో 0.6 ఘన సెంటీమీటర్ల బోలు, అంటే పన్నెండు నీటి చుక్కలు పట్టేంత చోటు. అందులో ఉండేది మామూలు గాలి. మధ్యలో సన్నని కడ్డీ, చుట్టూ గ్రాఫైట్ గోడ, రెంటి మధ్య మూడు నాలుగు వందల వోల్టులు. రేడియేషన్ వచ్చి గాలి అణువులను చీలిస్తే ఆ ముక్కలు చెరో వైపు పరుగెత్తుతాయి, తీగ వెంట వచ్చి ఎలక్ట్రోమీటర్‌లో అంకె పడుతుంది. రెండు గ్రేకు వచ్చే విద్యుత్తు ముప్పై ఏడు నానోకూలూంబుల చిల్లర. మీ ఫోన్ బ్యాటరీలో దాచుకున్న దానిలో యాభై వేల కోట్ల వంతుల్లో ఒకటి అనుకోండి. తీగ కనెక్టర్‌లో వానకాలపు చెమ్మ చేరితే ఆ కాస్తా కారిపోతుంది. అందుకే జూలై, ఆగస్టుల్లో మా అల్మరాలో సిలికా జెల్ పొట్లాలు ఎక్కువ.

ఈ ఛాంబర్‌ను ముంబైలోని భాభా అణు పరిశోధన కేంద్రానికి పంపి తూయించుకు రావాలి. దుకాణంలో కిలో రాయికి తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్నట్టే దీనికీ ఒక చీటీ వస్తుంది, నానోకూలూంబుకు ఇన్ని గ్రే అని. మామూలుగా అది 0.054 దరిదాపుల్లో ఉంటుంది. ఇక ఆ అంకెతో గుణించడమే కదా అనిపిస్తుంది. అక్కడే చిక్కు. చీటీ మీద అంకె 20 డిగ్రీల వేడికి, సముద్ర మట్టం దగ్గరి వాయు పీడనానికి రాసింది. వరంగల్‌లో 20 డిగ్రీలు ఎన్ని రోజులుంటాయో నేను చెప్పక్కర్లేదు. పైగా మనం సముద్రానికి దాదాపు 270 మీటర్ల ఎత్తున ఉన్నాం.

ఛాంబర్‌లో ఉన్నది తెరిచిన గాలి. వేడెక్కితే పలచబడుతుంది, ఎత్తు పెరిగితే పలచబడుతుంది. పలచబడితే చీలడానికి అణువులు తక్కువ, కాబట్టి అదే డోసుకు అంకె తక్కువ పడుతుంది. ఒక్క డిగ్రీకి 0.34 శాతం. ఇది పుస్తకంలో చదివితే చిన్న సంగతి. మే నెలలో చూడండి. ఛాంబర్‌ను ఉట్టి గాలిలో పెట్టి కొలవం, ముప్పై సెంటీమీటర్ల నీటి తొట్టిలో పది సెంటీమీటర్ల లోతున పెడతాం. మనిషి ఒంట్లో ఎక్కువ భాగం నీళ్ళే కాబట్టి నీళ్ళు మనిషికి బదులు. ఆ నీళ్ళు పైన ట్యాంకు నుంచి వస్తాయి. మే నెలలో మా ట్యాంకు నీళ్ళతో చేతులు కడుక్కోవడమే కష్టం. నల్లా తిప్పి తొట్టి నింపి, గోడకున్న థర్మామీటర్ చూసి 24 అని రాసుకున్నారనుకోండి. ఏసీ గదిలో గాలి 24, తొట్టిలో నీళ్ళు 36, నీళ్ళలో మునిగిన ఛాంబర్‌లోని గాలి కూడా 36. లెక్క నాలుగు శాతం తప్పింది. ఎవరూ అబద్ధం ఆడలేదు, థర్మామీటర్ కూడా ఆడలేదు. అది వేరే చోటి సంగతి చెప్పిందంతే. అందుకని ఎండాకాలం మేము ముందు రోజు సాయంత్రమే తొట్టి నింపి పెడతాం, తెల్లారి థర్మామీటర్‌ను నీళ్ళలోనే ముంచుతాం.

పీడనం సంగతి ఇంకా మోసకారి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఇంకో ఊళ్ళో, బారోమీటర్ చెడిపోయింది. కొత్తది వచ్చేదాకా ఏం చేద్దాం? ఫోన్‌లో వాతావరణం యాప్ ఉందిగా! అందులో పీడనం 1002 హెక్టోపాస్కల్ అని కనిపిస్తుంది, దశాంశం దాకా నిక్కచ్చిగా ఉంటుంది. దాన్నే లెక్కలో వేశాను. ఆ రోజు యంత్రం మూడు శాతం తక్కువ ఇస్తున్నట్టు తేలింది. నా పైనున్న పెద్దమనిషి కాగితం చూసి, "నిన్నటిదాకా బాగున్న యంత్రం రాత్రికి రాత్రి ఎందుకు తగ్గుతుంది? ముందు నీ లెక్క చూడు" అన్నారు. వాతావరణ శాఖలు ఊరూరి పీడనాన్ని పోల్చుకోవడానికి వీలుగా, ప్రతి ఊరినీ సముద్ర మట్టానికి దించి లెక్క చెబుతాయి. యాప్‌లో కనిపించేది ఆ దించిన అంకె. మన ఎత్తులో గదిలో నిజంగా ఉండే పీడనం దానికంటే ముప్పై తక్కువ. హైదరాబాద్‌లో అయితే దాదాపు అరవై తక్కువ, అంటే తప్పు ఆరు శాతానికి పోతుంది. ఆయన ఆపకపోతే నేను ఏం చేసేవాణ్ణి? యంత్రం తక్కువ ఇస్తోందనుకుని మూడు శాతం పెంచి ఉండేవాణ్ణి. రోజూ పడుకునే నలభై యాభై మందికి అంత ఎక్కువ పడేది.

పత్తి కాంటా గుర్తొచ్చేది ఇక్కడే. కాంటా తక్కువ చూపిస్తే రైతు బస్తాలో ఇంకాస్త పోస్తాడు. డిటెక్టర్ తక్కువ చూపిస్తే మేము యంత్రంతో ఇంకాస్త పోయిస్తాం. వేడి నీళ్ళ తప్పు, యాప్ పీడనం తప్పు, చెమ్మలో కారిపోయిన విద్యుత్తు, మూడూ ఒకే వైపు వాలే తప్పులు. తక్కువ చూపించి ఎక్కువ పెట్టిస్తాయి.

ప్రపంచంలో ఈ రంగంలో జరిగిన పెద్ద ప్రమాదాల్లోనూ ఇదే వాలు కనిపిస్తుంది. 1988లో ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్‌లో కోబాల్ట్ యంత్రంలో కిరణాలు వెలువరించే కోబాల్ట్ మూలాన్ని మార్చాక దాని బలాన్ని తప్పుగా కొలిచారు. 207 మందికి పాతిక శాతం ఎక్కువ పడింది. 1996లో కోస్టారికా రాజధాని సాన్ హోసేలో కూడా కోబాల్టే, కూడా మూలాన్ని మార్చాకే. అక్కడ టైమర్ మీద 0.3 నిమిషం అని ఉంటే 30 సెకన్లు అనుకున్నారు. 0.3 నిమిషం అంటే 18 సెకన్లు. 18 సెకన్లలో వచ్చిన డోసును 30 సెకన్లకు పంచితే యంత్రం బలహీనంగా కనిపిస్తుంది, దాంతో ప్రతి రోగినీ ఎక్కువసేపు దాని కింద ఉంచారు. 115 మందికి సగానికి మించి ఎక్కువ పడింది. దశాంశ బిందువు పక్కన ఒక్క అంకెను బడి లెక్కలా చదవకపోవడం వల్ల జరిగింది అదంతా.

తక్కువ పడితే ప్రమాదం లేదని కాదు. అది కనపడదు, అంతే తేడా. ఎక్కువ పడితే చర్మం కమిలిపోతుంది, నోరు పూస్తుంది, ఎవరో ఒకరు అనుమానిస్తారు. తక్కువ పడితే రోగి సంతోషంగా ఇంటికి పోతాడు, రెండేళ్ళకు గడ్డ తిరిగొస్తుంది, దాన్ని జబ్బు ఖాతాలో రాస్తారు. బ్రిటన్‌లోనే ఒక చోట 1982 నుంచి 1991 దాకా వెయ్యికి పైగా రోగులకు తక్కువ డోసు పడిందని తొమ్మిదేళ్ళకు గానీ బయటపడలేదు. మొత్తం మీద రోగికి చేరే డోసు ఐదు శాతం లోపు సరిగ్గా ఉండాలని అంతర్జాతీయ రేడియేషన్ ప్రమాణాల కమిషన్ 1976లో చెప్పింది. ఆ ఐదులో ప్లానింగ్ తప్పులు, రోగి కదలికలు, అన్నీ ఇమడాలి. నీళ్ళ వేడికే నాలుగు పోగొట్టుకుంటే ఇంకేం మిగులుతుంది?

సరే, ఛాంబర్‌ను ఎంత జాగ్రత్తగా వాడినా అది చెప్పేది ఒక్క చుక్క గురించే. వెనకట కరెంటు పెట్టుడంటే చతురస్రంగా ఒక కిటికీ తెరిచి వెలుగు పంపినట్టే ఉండేది కాబట్టి మధ్యలో ఒక చోట కొలిస్తే సరిపోయేది. ఇప్పుడలా కాదు. అవ్వ దవడలో గడ్డకు 66 గ్రే పోవాలి, రెండు సెంటీమీటర్ల అవతలున్న వెన్నుపాముకు 45 దాటకూడదు, లాలాజల గ్రంథిని వీలైనంత వదిలేయాలి. యంత్రం చుట్టూ తిరుగుతూ, సన్నని టంగ్‌స్టన్ ఆకులను ముందుకు వెనక్కు జరుపుతూ, డోసును చెక్కుతుంది. ఆ చెక్కుడు ప్లాన్‌లో గీసినట్టే వచ్చిందా? దీనికి ఒక చుక్క చాలదు, బొమ్మ కావాలి. బొమ్మకు ఫిల్మ్ కావాలి.

పాత రోజుల్లో ఎక్స్‌రే ఫిల్మే వాడేవారు. వెండి ఉప్పు పూసిన ఫిల్మ్, చీకటి గది, కెమికల్ తొట్లు. దాని వాలు ఛాంబర్ వాలుకు ఎదురుగా ఉండేది. వెండి బరువైన లోహం కాబట్టి, చెదిరి బలం తగ్గిన కిరణాలను కండ కంటే ఎన్నో రెట్లు ఆశగా పీల్చుకుంటుంది. లోతుకు పోయిన కొద్దీ చెదిరిన కిరణాలు ఎక్కువ, ఫిల్మ్ అక్కడ ఉన్నదానికంటే ఎక్కువ నలుపు చూపిస్తుంది. ఆసుపత్రులు డిజిటల్ ఎక్స్‌రేకు మారి చీకటి గదులు మూసేశాక ఆ ఫిల్మ్ కథ దానంతటదే ముగిసింది.

ఇప్పుడు వాడేది రేడియోక్రోమిక్ ఫిల్మ్. గాఫ్‌క్రోమిక్ ఈబీటీ అనే రకం 2004లో వచ్చింది, తర్వాత దాని తమ్ముళ్ళు వచ్చారు. ఇందులో వెండి లేదు, కడగడం లేదు. రెండు పాలిస్టర్ పొరల మధ్య 28 మైక్రాన్ల పూత, అంటే వెంట్రుక మందంలో సగం కంటే తక్కువ. ఆ పూతలో సన్నని స్ఫటికాలుంటాయి. కాజీపేట యార్డులో వ్యాగన్లు వరసగా నిలబడి ఉంటాయి చూడండి, కప్లింగ్ లేకుండా ఒకదాని వెనక ఒకటి. ఆ స్ఫటికాల్లో అణువులు అలాగే నిలబడి ఉంటాయి. రేడియేషన్ తగిలి ఒకచోట కప్లింగ్ పడితే పక్కది, దాని పక్కది అతుక్కుంటూ పోయి పొడవైన రేక్ తయారవుతుంది. విడి వ్యాగన్‌కు రంగు లేదు, రేక్‌కు రంగు ఉంటుంది. పసుపుపచ్చగా ఉన్న ఫిల్మ్ డోసు తగిలిన చోట ముదురు ఆకుపచ్చకు తిరుగుతుంది. కంటికి అప్పుడే కనిపిస్తుంది.

కానీ అప్పుడే చదవకూడదు. యంత్రం ఆగినా లోపల కప్లింగ్ ఆగదు. మొదటి గంటల్లో గబగబా, తర్వాత నింపాదిగా ముదురుతూనే ఉంటుంది. కాబట్టి ఒక రోజు ఆగుతాం. ముఖ్యమైనది ఎంతసేపు ఆగామన్నది కాదు, క్యాలిబ్రేషన్ ముక్కకు (తెలిసిన డోసు పెట్టి తూకం రాయిలా వాడే ముక్కకు) ఎంత ఆగామో రోగి ప్లాన్ ముక్కకు కూడా అంతే ఆగడం.

పని ఎలా జరుగుతుందో చెబుతాను. ఎనిమిది అంగుళాలకు పది అంగుళాల షీటు, దిగుమతి సరుకు, ఖరీదు. చేతికి గ్లవ్స్ వేసుకుని కత్తెరతో ముక్కలు కోస్తాం. కోసే ముందే ప్రతి ముక్కకూ ఒకే మూలన పెన్నుతో చిన్న గుర్తు. నీళ్ళతో సమానంగా ప్రవర్తించే తెల్లటి ప్లాస్టిక్ పలకలుంటాయి, ఒక్కోటి సెంటీమీటర్ మందం. వాటి మధ్య ముక్కను పెట్టి, మొదటిదానికి ఏమీ పెట్టకుండా, తర్వాతి వాటికి అర గ్రే, ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది అంటూ పెడతాం. ఇవి తూకం రాళ్ళు. తెల్లవారి స్కానర్ మీద పెట్టి ఏ డోసుకు ఎంత ముదురో గీత గీసుకుంటాం. ఆ గీత ఆ పెట్టెలోని ఫిల్మ్‌కే చెల్లుతుంది, కొత్త బ్యాచ్ వస్తే మళ్ళీ మొదటికి.

స్కానర్ అంటే జిరాక్స్ సెంటర్‌లో కనిపించే లాంటిదే, కాస్త పెద్దది, వెలుగు ఫిల్మ్ గుండా అవతలికి పోయేట్టు పైమూతలోనూ దీపం ఉంటుంది. దాంట్లో మొదట చేయాల్సిన పని తెలివితేటలన్నీ ఆపేయడం. ఫోటో అందంగా రావాలని రంగులు సరిదిద్దడం, అంచులు పదును చేయడం దాని అలవాటు. అందం మాకెందుకు? ఎర్ర రంగు, పచ్చ రంగు, నీలం రంగు వేరువేరుగా తీసుకుంటాం. ఈ పూత అన్నిటికంటే బాగా పీల్చుకునేది ఎరుపును, కాబట్టి మామూలు డోసులకు ఎర్ర చానల్ చాలు. డోసు బాగా పెరిగితే ఎరుపు నిండిపోతుంది, అప్పుడు పచ్చకు మారాలి. మూడింటినీ కలిపి లెక్కగట్టి పూత మందం హెచ్చుతగ్గులను తీసేసే పద్ధతి 2011 నుంచి ఉంది, మంచి పద్ధతి.

మూలన పెన్ను గుర్తు ఎందుకంటే, ఫిల్మ్‌ను అడ్డంగా పెట్టి స్కాన్ చేస్తే ఒక అంకె, నిలువుగా పెడితే ఇంకో అంకె. కొత్తవాడలో నేసే దర్రీని వెలుతురుకు ఎత్తి పట్టి తిప్పి చూడండి, పడుగు వైపు ఒక తీరు, పేక వైపు ఒక తీరు కనిపిస్తుంది. ఫిల్మ్ పూతలో కూడా సూదుల్లాంటి స్ఫటికాలు పూత పూసిన దిశలోనే పడుకుని ఉంటాయి. మా జూనియర్ ఒకసారి మూల గుర్తులన్నీ సరిగ్గా పెట్టి, చివరి ముక్క ఒక్కటి స్కానర్‌లో చోటు సరిపోక తిప్పి పెట్టాడు. ప్లాన్ ఫెయిలైంది. యంత్రాన్ని సగం రోజు అనుమానించాం. పైగా అదే ముక్కను గాజు మధ్యలో కాకుండా పక్కకు జరిపితే ఇంకా ముదురుగా కనిపిస్తుంది, అంటే డోసు ఎక్కువ ఉన్నట్టు చూపిస్తుంది. ఫిల్మ్ అబద్ధాలు చాలావరకు ఎక్కువ వైపు వాలతాయి, ఛాంబర్ అబద్ధాలు తక్కువ వైపు. ఒకే ప్లాన్‌కు రెండూ వాడటంలో నాకు కనిపించే అసలు లాభం ఇదే. ఒకే వైపు వంగిన రెండు కాంటాలు ఒకే మాట చెప్పినంత మాత్రాన ఏం తేలదు.

వచ్చిన బొమ్మను ప్లాన్ బొమ్మతో పోల్చాలి. ఇక్కడ గామా అనే లెక్క వస్తుంది, 1998 నాటిది. దీన్ని పొలంలో చెప్పడం తేలిక. చదునైన చెలకలో మీరు గీసిన హద్దు అడుగు జరిగినా ఎత్తులో తేడా రాదు. అదే బావి గట్టు మీద అడుగు జరిగితే? ఇక్కడ నేల, అక్కడ ఇరవై గజాల లోతు. డోసు బొమ్మలో కూడా గడ్డ మధ్య భాగం చెలక, గడ్డ అంచు బావి గట్టు. అంచు దగ్గర ఒక మిల్లీమీటర్ జరిగితే డోసు పది శాతం మారిపోవచ్చు, కానీ అది రోగికి పెద్ద నష్టం కాదు, జరిగింది మిల్లీమీటరే. అందుకని గామా రెండు రకాల మన్నింపు ఇస్తుంది: డోసులో మూడు శాతం, దూరంలో రెండు మిల్లీమీటర్లు. రెండూ కలిపి చూసి ప్రతి చుక్కకూ పాసో ఫెయిలో చెబుతుంది. నూటికి 95 చుక్కలు పాసైతే ప్లాన్ పాసు.

ఈ 95 మీద నాకు పెద్ద మోజు లేదు. పదో తరగతి ఫలితాల్లా ఆ ఒక్క అంకె చూసి సంతకం పెట్టేస్తారు. మిగిలిన ఐదు ఎక్కడ పోయాయి? చర్మం అవతల చెల్లాచెదురుగా పోతే పరవాలేదు. ఫెయిలైనవన్నీ గుంపుగా వెన్నుపాము మీద పడితే 98 శాతం వచ్చినా నేను ఆపుతాను. అవ్వ ప్లాన్‌కు 96.4 వచ్చింది. ఫెయిలైన చుక్కలు ఎక్కడున్నాయో చూసి, ఛాంబర్‌తో మధ్యలో కొలిచినది ఒక శాతం లోపు కలిసిందని చూసుకున్నాకే మొదటి రోజు బల్ల ఎక్కించాం.

మిగతా డిటెక్టర్లను తక్కువ చేసి చెప్పడం నా ఉద్దేశం కాదు గానీ, వాటి పని వేరు. సిలికాన్ డయోడ్ గోధుమ గింజంత కూడా ఉండదు, అంకె వెంటనే చెబుతుంది, గాలి కంటే వేల రెట్లు చురుకు. కాకపోతే రేడియేషన్ తిన్నకొద్దీ దానికి వయసు మీద పడుతుంది, వేడికి మాట మారుస్తుంది. రోగి చర్మం మీద అంటించి కొలవడానికి టీఎల్‌డీ (థర్మోల్యూమినిసెంట్ డోసిమీటర్) బిళ్ళలున్నాయి. లిథియం ఫ్లోరైడ్ ముక్క, మూడు మిల్లీమీటర్ల చతురం. రేడియేషన్ శక్తిని లోపల దాచుకుంటుంది, తర్వాత రెండు మూడు వందల డిగ్రీలకు వేడి చేస్తే ఆ శక్తి వెలుతురుగా బయటికి వస్తుంది. వడ్లు వేయిస్తే పేలాలు అయినట్టే, ఒకసారి చదివితే అయిపోయింది, మళ్ళీ చదువుదామంటే లేదు. పేలాలు మళ్ళీ వడ్లు కావు, టీఎల్‌డీని మాత్రం 400 డిగ్రీల కొలిమిలో పెట్టి మళ్ళీ ఖాళీ చేసి వాడుకుంటాం కాబట్టి పోలిక అక్కడితో ఆపాలి. మా జేబులకు ఉండే బ్యాడ్జ్ కూడా ఆ జాతిదే, కాల్షియం సల్ఫేట్ బిళ్ళలు మూడు ఉంటాయి. మూడు నెలలకోసారి చదువుతారు. అది ఉద్యోగికి ఎంత తగిలిందో చూడటానికి, రోగికి ఎంత పెట్టామో చెప్పడానికి కాదు. ఈ రెంటినీ కలిపేసి అడిగేవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి చెబుతున్నాను.

ఏ కాంటా ఎక్కడ వాడాలో తెలియకపోతే మంచి కాంటా కూడా ముంచుతుంది. ఫ్రాన్స్‌లోని టూలూస్‌లో 2006, 2007 మధ్య ఒక ఏడాది పాటు 145 మందికి ఎక్కువ డోసు పడింది. తలలో చిన్న చిన్న గడ్డలకు సన్నని కిరణాలతో చేసే వైద్యం అది. ఆ సన్నని కిరణాలను కొలవడానికి వాడిన ఛాంబర్ పెద్దది. నల్లా నుంచి వేలంత ధార పడుతుంటే వెడల్పు గంగాళం కింద పెట్టి, అందులో ఎంత ఎత్తు నిండిందని చూస్తే ధార చాలా తక్కువ అనిపిస్తుంది కదా. ధార బాగానే ఉంది, గంగాళమే వెడల్పు. ఛాంబర్ ముక్క కొంత కిరణంలో, మిగతాది బయట ఉంటే సగటు పడిపోతుంది. మళ్ళీ అదే వాలు: తక్కువ చూపించింది, ఎక్కువ పెట్టించింది. ఛాంబర్ చెడిపోలేదు, దాని సర్టిఫికెట్ సరిగ్గానే ఉంది. ఇలాంటి చోట ఫిల్మ్ ఆదుకుంటుంది. మామూలు స్కాన్‌లోనే మిల్లీమీటర్‌లో మూడో వంతు వివరం దొరుకుతుంది. చిన్న కిరణాలను కొలిచే పద్ధతిని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ 2017లో విడిగా ఒక పుస్తకంగా వేసింది.

ఇంత చేశాక కూడా అవ్వ ప్రశ్న మిగిలే ఉంది. కాంటా ఎవరు చూశారు? మేమే చూసుకుంటే, రైతు పత్తిని కొనేవాడే తూచినట్టు. కాబట్టి బయటివాళ్ళు చూసే ఏర్పాటు ఉంది. అణుశక్తి సంస్థ 1969 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థతో కలిసి ఆసుపత్రులకు పోస్టులో డోసు కొలిచే గుళికలు పంపుతోంది (చాలా ఏళ్ళ పాటు అవి టీఎల్‌డీలే), మన దేశంలో ఆ పని భాభా కేంద్రం చేస్తుంది. మాకు వచ్చేది చిన్న ప్లాస్టిక్ గుళిక, లోపల టీఎల్‌డీ పొడి. "దీనికి నీళ్ళలో పది సెంటీమీటర్ల లోతున సరిగ్గా రెండు గ్రే పెట్టి పంపండి" అంటారు. మేము పెట్టామనుకున్నది కాగితం మీద రాస్తాం, గుళిక తనకు నిజంగా పడింది తనలో దాచుకుని పోతుంది. అక్కడ వేడి చేసి చదువుతారు. రెండూ ఐదు శాతం లోపు కలవాలి.

ఆ గుళికలు మాకు అవ్వ చికిత్స చివరి వారంలో వచ్చాయి. ఆదివారం సాయంత్రం తొట్టి నింపాం. సోమవారం పొద్దున నీళ్ళు 25.2, బారోమీటర్ 983. మొదట ఛాంబర్‌తో కొలిచి, తర్వాత గుళికను అదే చోట నిలబెట్టి రెండు గ్రే పెట్టాం. తుడిచి, కవరులో వేసి, అంటించాను. అప్పుడే అవ్వ వరసలో కూర్చుని ఉంది. గడ్డం కింద చర్మం కమిలి నల్లబడింది, మింగడం కష్టంగా ఉంది, అయినా అడగడం మానలేదు.

"గా కవరేంది సారూ?"

"కాంటా చూసెటోళ్ళకు పంపుతున్నం అవ్వా. ముంబై నుంచి చీటీ వస్తది, మా తూకం సరిగ్గ ఉందో లేదో."

"ఎన్నొద్దులకు?"

"కొన్ని వారాలు పడతది."

"మా పోరనికి పత్తి పైసలు గూడ గట్లనే," అంది. "చీటీ ఆళ్ళ చేతిల, సరుకు ఆళ్ళ గోదాంల. మనం కూసుండి సూసుడే."

అంతలో టెక్నీషియన్ పిలిచాడు. ముప్పై ఒకటో కరెంటు.